గోడ మీది ఫోటోలో పెద్దాయన



మన ఊళ్లలో కరాటే క్లాసు ఎలా ఉంటుందో మీకు తెలుసు. పొద్దున్నే ఏ హైస్కూలు గ్రౌండులోనో, సాయంత్రం ఏ కల్యాణమండపం డాబా మీదో తెల్లబట్టల పిల్లలు వరసలు కట్టి నిలబడి ఉంటారు. నడుములకి పసుపు, ఆకుపచ్చ, గోధుమరంగు బెల్టులు. అమ్మలు గోడవారన కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. షోటోకాన్ పద్ధతి నేర్పే చోటయితే పిల్లల ఛాతీ మీద గుండ్రటి గీతలో పులిబొమ్మ ఉంటుంది. మాస్టారికి సొంత గది ఉంటే గోడ మీద ఒక ఫోటో కూడా ఉంటుంది. జపాను సంప్రదాయ దుస్తుల్లో ఉన్న ఒక పెద్దాయన ఫోటో. క్లాసు మొదలయ్యే ముందు పిల్లలు ఆ ఫోటోవైపు తిరిగి వంగి నమస్కారం చేస్తారు. ఆయనెవరమ్మా అని అడిగి చూడండి, "ఫౌండర్ సార్" అంటారు. మాట అక్కడితో సరి.

ఆ పెద్దాయన పేరు గిచిన్ ఫునాకోషి. 1957 ఏప్రిల్ 26న, 88 ఏళ్ల వయసులో, టోక్యోలో కన్నుమూశారు. కరాటే ఆయన కనిపెట్టింది కాదు. ఆయన పుట్టకముందే ఒకినావా దీవిలో ఉంది. గుట్టుగా, చీకట్లో, ఒకరి నుంచి ఒకరికి అందుతున్న ఆ విద్యని ఆయన వెలుగులోకి తెచ్చారు, బడిపిల్లలకీ కాలేజీ కుర్రాళ్లకీ నేర్పారు. ఎందుకంటే ఆయన అసలు ఉద్యోగం బడిపంతులు. ముప్ఫై ఏళ్లకు పైగా పలకా బలపం పిల్లలకి పాఠాలు చెప్పుకుని బతికిన మనిషి. ఈ సంగతి గుర్తు పెట్టుకుంటే మిగతా జీవితమంతా సులువుగా అర్థమవుతుంది.

ఫునాకోషి 1868లో ఒకినావాలో, షురి పట్టణంలో పుట్టారు. అప్పటికి అది ర్యూక్యూ రాజ్యం. రాజుగారుండేవారు, కోట ఉండేది. 1879లో జపాను ఆ రాజ్యాన్ని రద్దు చేసి తన జిల్లాల్లో ఒకటిగా కలిపేసుకుంది. ఈయనది కొలువు చేసుకునే చిన్నపాటి కులీన కుటుంబం. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ. బతుకుతాడో లేదో అనుకున్నారు. అమ్మమ్మా తాతయ్యల దగ్గర పెరిగాడు.

కుర్రవాడికి డాక్టరు కావాలని ఉండేది. టోక్యో వైద్య పాఠశాల పరీక్షకి 1870లోనో ఆ తరవాతనో పుట్టినవాళ్లే అర్హులు. కాబట్టి పుట్టిన సంవత్సరం దిద్దించుకుని పరీక్ష రాశాడు, పాసయ్యాడు కూడా. (మన పాతతరం వాళ్లకి ఇందులో వింతేమీ కనిపించదు. మన బడుల్లోనూ పుట్టినతేదీలు పంతుళ్ల కలం నుంచి పుట్టినవే కదా.) చిక్కు ఇంకోచోట వచ్చింది. నడినెత్తిన సిగ ఉన్నవాళ్లని ఆ పాఠశాలలో చేర్చుకోరు. ఒకినావా కులీనులకి సిగ అంటే వంశగౌరవం. తీయడానికి ఇంట్లో ససేమిరా అన్నారు. డాక్టరు చదువు అలా పోయింది. కొన్నాళ్లకి సహాయ ఉపాధ్యాయుడి ఉద్యోగం వచ్చింది. అక్కడా సిగ పనికిరాదు. ఈసారి కత్తిరించేసి ఇంటికొచ్చాడు. తండ్రి మండిపడ్డాడు, తల్లి ఆ తల చూడలేక పెరటి గుమ్మంలోంచి వెళ్లిపోయింది.

ఇప్పుడు గురువుల సంగతి.

బడిలో ఫునాకోషి తోటి కుర్రాడి తండ్రి పేరు అజాతో. షురికీ నాహా రేవుకీ మధ్యనున్న అజాతో అనే ఊరికి దొర. గుర్రపుస్వారీ, కత్తిసాము, విలువిద్య అన్నిట్లో చెయ్యి తిరిగినవాడు. బాగా చదువుకున్నవాడు, రాజకీయాలు క్షుణ్ణంగా తెలిసినవాడు. ఒకినావాలో కరాటే తెలిసిన ప్రతి మనిషి పేరూ, ఎక్కడుంటాడో, ఏ దెబ్బలో గట్టివాడో, ఎక్కడ వీకో అన్నీ ఆయన దగ్గర లెక్క ఉండేదట. అంతటివాడు శిష్యుడిగా చేరదీసింది దాదాపు ఈ ఒక్క బక్క కుర్రాణ్ణే.

పాఠం రాత్రిపూట. కరాటే బాహాటంగా నేర్చుకునే విద్య కాదప్పుడు. పగలు బడి, రాత్రి లాంతరు పట్టుకుని గురువుగారింటికి నడక. పెరట్లో మసక వెలుగు. గురువుగారు వసారాలో నిటారుగా కూర్చుని చూస్తూ ఉంటారు. శిష్యుడు కటా చేస్తాడు. కటా అంటే వరసగా కూర్చిన దెబ్బల, అడుగుల సాధన. అయిపోగానే 'మళ్లీ' అంటారు. మళ్లీ చేస్తాడు. వారాలు, నెలలు అదే కటా. ఇంకొకటి నేర్పరు. ఎప్పుడో ఒకనాడు 'బాగుంది' అని ఒక్క మాట వస్తే ఆ పూటకి పండగ. తెక్కి అనే మూడు కటాలు నేర్చుకోవడానికి తనకి పదేళ్లు పట్టిందని ఫునాకోషి రాసుకున్నారు. మన పిల్లలు బ్రౌన్ బెల్టు దశలో నేర్చుకునే తెక్కి అదే. గుర్రమెక్కినట్టు కాళ్లు ఎడంగా పెట్టి, ముందుకీ వెనక్కీ పోకుండా అడ్డంగా మాత్రమే కదిలే కటా. చూసేవాళ్లకి విసుగు, చేసేవాళ్లకి తొడలు మండిపోతాయి. ఇవాళ దాన్ని మూడు నెలల్లో ముగించి పరీక్ష ఫీజు కట్టించుకుంటున్నాం. ఇది ఎవరినో తప్పుపట్టడానికి అనడం లేదు. కాలం అలా ఉంది. అయినా అనాలనిపించింది, అన్నాను.

ఆ పెరటి పాఠం తెల్లవారుజాముకి ముగిసేది. పడుచువాడు రోజూ రాత్రి ఎక్కడికో పోయి తెల్లారగట్ల ఇంటికొస్తుంటే ఇరుగుపొరుగు ఏమనుకుంటారు? వేశ్యావాడకి అలవాటు పడ్డాడనే చెప్పుకున్నారు. ఆయన నోరు విప్పి కాదనలేదు. విద్య గుట్టు బయటపడుతుంది కదా!

రెండో గురువు ఇటోసు. అజాతోకి ప్రాణస్నేహితుడు. పొట్టిగా, పీపాలాంటి ఛాతీతో ఉండేవాడు. పచ్చి వెదురు బొంగుని గుప్పిట్లో నలిపేసేవాడని పేరు. ఈయన గురించి ఫునాకోషి చెప్పిన కథ ఒకటుంది, నాకు చాలా ఇష్టం. ఒకరోజు ఇటోసు ఒక భోజనశాల గుమ్మంలో అడుగుపెడుతుండగా ఒక కుర్రవాడు దూకి పొత్తికడుపు పక్కన గట్టిగా పొడిచాడట. ఇటోసు పొట్ట బిగించాడు, దెబ్బ పడ్డది పడ్డట్టే వెనక్కి పోయింది. ఆ కుర్రవాడి మణికట్టు మాత్రం ఆయన చేతికి చిక్కింది. ముసలాయన తల కూడా తిప్పలేదు. వాణ్ణి అలాగే లోపలికి లాక్కెళ్లి, కూర్చుని, తిండీ పానీయమూ తెమ్మని చెప్పి, ఒక చేత్తో వాడి మణికట్టు పట్టుకుని రెండో చేత్తో గిన్నె ఎత్తి ఒక గుటక వేశాడు. అప్పుడు వాణ్ణి ముందుకి లాగి మొదటిసారి మొహం చూశాడు. నీకు నామీద కోపమేమిటో నాకు తెలీదు, కూర్చో, కలిసి తాగుదాం అన్నాడట.

కొట్టగలిగినవాడు కొట్టకపోవడంలో ఉన్న దర్జా ఇది. ఫునాకోషికి ఇద్దరు గురువుల దగ్గరా అబ్బింది ఇదే. పైగా ఆ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి అసూయ లేదు. ఫలానా దెబ్బ ఫలానా ఆయన దగ్గర బాగుంటుంది, వెళ్లి నేర్చుకో అని శిష్యుణ్ణి వాళ్లే ఇంకొకరి దగ్గరికి పంపేవారు. కరాటేని ఒకినావా బడుల్లో పాఠంగా పెట్టించింది కూడా ఇటోసుగారే. బడిపిల్లల కోసం తేలిక చేసి ఆయన కూర్చిన ఐదు కటాలే, ఫునాకోషి పెట్టిన హెయాన్ అనే పేరుతో, ఇవాళ మన తెల్లబెల్టు పిల్లలు మొదట నేర్చుకునేవి. కాకినాడలోనో కరీంనగర్లోనో ఆరేళ్ల పిల్ల ఎడమవైపు తిరిగి మొదటి అడుగు వేసిందంటే, ఆ అడుగు ఇటోసు వేయించినదే.

ఇప్పుడు మంజూ కథ చెప్పాలి. మంజూ అంటే లోపల తీపి ముద్ద పెట్టి ఆవిరి మీద ఉడికించే జపాను పిండివంట. మన పూర్ణం కుడుముకి దూరపు చుట్టం అనుకోండి. ఫునాకోషి ఒక రాత్రి అత్తవారింటి నుంచి వస్తున్నారు. ఇంట్లో పితృదేవతలకి నైవేద్యం పెట్టడానికి వాళ్లిచ్చిన మంజూలు చేతిలో ఉన్నాయి. దారిలో మొహాలకి గుడ్డలు కట్టుకున్న ఇద్దరు అడ్డం వచ్చారు. అప్పటికి ఈయన పడుచువాడే, చేతిలో విద్య ఉంది. ఒక్క క్షణం పని. కానీ ఆయన మంజూలు ఇచ్చేసి ఇంటికి వెళ్లిపోయారు. తరవాత గురువుల దగ్గర ఈ మాట చెప్పారు. ఇటోసు మెచ్చుకున్నాడు. అజాతో నవ్వి, మరి నైవేద్యానికి ఏం పెట్టావని అడిగాడు. ఏమీ లేదు, మనసారా దండం పెట్టుకున్నానని శిష్యుడి జవాబు. అదీ కరాటే అంటే అన్నారు గురువులు.

ఈ కథ విన్నప్పుడు మన కుర్రాళ్ల మొహాలు చిన్నబోతాయి. సినిమాలో అయితే ఇక్కడ ఫైటు ఉండాలి!

ఫైటు లేదుగానీ పిచ్చి మాత్రం ఉంది. ఒకినావాకి తుపానులు మన కోస్తాకి వచ్చినట్టే వస్తాయి. అలాంటి గాలివానలో ఒకసారి ఈయన గోచీ మాత్రం కట్టుకుని ఇంటి కప్పెక్కి, ఒక గడ్డిచాప అడ్డంగా పట్టుకుని, గుర్రపు భంగిమలో గాలికి ఎదురు నిలబడ్డారు. గాలి ఎత్తి బురదలో పడేసింది. లేచి మళ్లీ ఎక్కారు. చూసినవాళ్లు మతి పోయిందనుకున్నారు.

ఈ మనిషిని భరించిన ఇల్లాలి గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. పంతులుగారి జీతం చాలా తక్కువ, ఇంట్లో పదిమంది. ఆమె తెల్లారకముందే లేచి దూరంగా ఉన్న కూరగాయల మడికి నడిచి వెళ్లేది, రాత్రిళ్లు మగ్గం నేసేది. భర్త ఆ రాత్రి నడకలు మానేసి ఇంకో పని చూసుకుంటే బాగుండునని ఒక్కసారీ అనలేదట. అలసిపోయిన రోజున తానే బయటికొచ్చి కటాలు సాధన చేసేది. వీధిలో తాగుబోతులు కొట్టుకుంటుంటే విడదీసి సర్దిచెప్పిందీ ఆమే. ఫునాకోషి గారి కరాటేలో సగం వాటా ఆమెదని నా లెక్క.

అజాతో 1906లో, ఇటోసు 1915లో పోయారు. 1921లో జపాను యువరాజు హిరోహితో యూరప్ వెళుతూ ఒకినావాలో ఆగినప్పుడు షురి కోటలో కరాటే ప్రదర్శన పెట్టించారు. దాన్ని నడిపింది ఫునాకోషి. మరుసటేడు, 1922లో, విద్యాశాఖ వారు టోక్యోలో వ్యాయామ విద్యల ప్రదర్శన జరిపితే ఒకినావా తరఫున వెళ్లారు. ప్రదర్శన ముగించుకుని వెంటనే తిరిగి వచ్చేద్దామనే ప్రయాణం. వయసు 53 దాటింది. ఆ తిరుగు ప్రయాణం జరగలేదు. జూడోకి ఆద్యుడైన జిగొరో కానో తన సాధనశాల కొడోకాన్‌కి పిలిచి, వందమంది ముందు కరాటే చేయించుకుని చూశారు. అప్పటికే కానోకి దేశమంతా పేరుంది, ఒలింపిక్ కమిటీలో సభ్యత్వం ఉంది. అంతటివాడు కొన్ని మెళకువలు తనకీ నేర్పమని ఈ పల్లెటూరి పంతుల్ని అడిగాడు. కానో పోయాక కూడా కొడోకాన్ ముందునుంచి వెళితే ఫునాకోషి టోపీ తీసి తల వంచేవారని శిష్యులు చెప్పుకునేవారు.

టోక్యో బతుకు గురించి ఆయన రాసుకున్నది చదువుతుంటే నవ్వూ వస్తుంది, కడుపులో దేవినట్టూ ఉంటుంది. ఒకినావా విద్యార్థుల హాస్టలు ఒకటుండేది, మెయిసెయి జుకు. దానికి కాపలా కాసి, వాకిలి ఊడ్చి, తోటపని చేసినందుకు గేటు పక్కన చిన్న గది ఇచ్చారు. హాస్టలు వంటవాడికి కరాటే నేర్పి, బదులుగా భోజనం ఖర్చులో తగ్గింపు పుచ్చుకున్నారు. ఒకసారి చేతిలో డబ్బు బొత్తిగా లేక పాత టోపీ ఒకటీ, ఒకినావా నేత కిమోనో ఒకటీ తాకట్టుకి పంపారు. వాటికి రావలసిన దానికంటే చాలా ఎక్కువ వచ్చింది. ఏమిటా అని ఆరా తీస్తే, ఆ తాకట్టు కొట్టు గుమాస్తా తమ్ముడు ఈయన శిష్యుడు. ఇంకోసారి చీపురు పట్టుకుని వాకిలి ఊడుస్తుంటే పత్రికా విలేకరి వచ్చి, ఫునాకోషిగారు ఎక్కడుంటారని ఈయన్నే అడిగాడు. ఒక్క నిమిషం ఉండండని లోపలికి పరుగెత్తి, మంచి కిమోనో కట్టుకుని వచ్చి నేనే ఫునాకోషినని నమస్కారం పెడితే, విలేకరి నోరు తెరిచాడు.

1922లో మొదటి పుస్తకం వేశారు. 1923 సెప్టెంబరు 1న వచ్చిన భూకంపంలో దాని అచ్చు పలకలు నాశనమైపోయాయి. మళ్లీ రాశారు. భూకంపం తరవాత రోజులు గడవక ఒక బ్యాంకులో స్టెన్సిళ్లు కోసే పని కూడా చేశారు. 1924లో కెయియో విశ్వవిద్యాలయంలో కరాటే క్లబ్బు మొదలైంది. కానో దగ్గరినుంచి తెల్ల దుస్తులూ బెల్టు పద్ధతీ అందిపుచ్చుకుని అదే ఏడు మొదటి బ్లాక్ బెల్టులు ఇచ్చారు. మనం ఇప్పుడు చూసే కరాటే రూపం అలా కుదురుకుంది.

అయితే కుర్రాళ్లకి కటా ఒక్కటే చాలుతుందా? ఎదురెదురుగా నిలబడి కొట్టుకోవాలని ఉంటుంది. ఒక విశ్వవిద్యాలయం క్లబ్బు వాళ్లు ఒంటికి కవచాలు తొడుక్కుని కుమిటే అనే ముఖాముఖి పోరు మొదలుపెట్టేశారు. ఫునాకోషి అక్కడ పాఠం చెప్పడం మానేశారు. పోటీ అంటే ఆయనకి గిట్టేది కాదు. ఇక్కడ నేను ఆయనతో పూర్తిగా ఏకీభవించలేను. ఎదుటి మనిషి చెయ్యి ఎలా వస్తుందో తెలియకుండా గాలిలో ఎన్నాళ్లు గుద్దుతాం? శిష్యుల ఆరాటంలో న్యాయం ఉంది. కానీ పతకం కోసం నేర్చుకునేవాడికి మంజూలు ఇచ్చి వెళ్లిపోవడం చేతకాదని ఆయన భయపడ్డారేమో. ఆ భయంలోనూ న్యాయం ఉంది.

1930ల చివర్లో శిష్యులు దేశమంతా చందాలు పోగుచేసి టోక్యోలో ఆయనకి ఒక సాధనశాల కట్టించారు. షోటో అనేది ఆయన కవిత్వానికి పెట్టుకున్న కలంపేరు. షురి పట్టణం పక్కన పులితోక అనే కొండ మీద పైన్ చెట్లలో గాలి చప్పుడు వింటూ తిరిగేవారట, ఆ గుర్తుగా పెట్టుకున్న పేరు. ఆ పేరుతోనే శాలకి షోటోకాన్ అని బోర్డు పెట్టారు. పులిబొమ్మ ఆయన స్నేహితుడైన చిత్రకారుడు హోయాన్ కోసుగి గీసిచ్చినది. గుమ్మం ముందు పెద్దాయన తల వంచి నిలబడ్డారు. డెబ్బయ్యో పడి దగ్గరపడింది, పని ఇప్పుడే మొదలైంది అనుకున్నారు.

ఎంతో కాలం నిలవలేదు. యుద్ధం. ఒక్కొక్క కుర్రాడూ వచ్చి, పిలుపొచ్చింది మాస్టారూ, వెళ్లొస్తాను అని చెప్పి వెళ్లాడు. చాలామంది రాలేదు. 1945 బాంబుదాడిలో షోటోకాన్ కాలిపోయింది. అదే ఏడు షురి కోట కూడా నేలమట్టమైంది. తండ్రికి కుడిభుజంగా నిలిచిన కొడుకు గిగో క్షయతో చనిపోయాడు. ఇన్నేళ్లూ పెద్దల సమాధులు విడిచి రానని ఒకినావాలోనే ఉండిపోయిన భార్య, యుద్ధంలో అక్కడినుంచి తరలివచ్చి క్యూషూ దీవిలో ఓయిటా దగ్గర తలదాచుకుంది. ఆయన వెళ్లి చేరారు. కూరగాయలు పండించుకుని, సముద్రపు నాచు ఏరుకుని బతికారు. 1947లో ఆమె పోయింది. అస్థికలు పట్టుకుని రైల్లో టోక్యో వస్తుంటే, దారిలో స్టేషన్లలో పాత శిష్యులు వచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబడి పలకరించారు.

ఆ తరవాతి సంగతి ఒకటి ఉంది. ఎనభయ్యేళ్ల వయసు. ఒక రాత్రి ఒంటరిగా ఇంటికి వస్తుంటే ఒక మనిషి మీదపడి గొడుగు ఎత్తి కొట్టబోయాడు. ముసలాయన తప్పించుకుని వాణ్ణి ఆయువుపట్టు దగ్గర ఒడిసిపట్టారు. వాడు కదల్లేకపోయాడు. గస్తీ పోలీసు వచ్చి తీసుకుపోయాడు. ఇది ఇంకొకడికైతే మనవలకి పదేపదే చెప్పుకునే కథ. ఫునాకోషి సిగ్గుపడ్డారు. వాడు యుద్ధం నుంచి తిరిగొచ్చి, పని దొరక్క, ఆ క్షణాన దొంగతనానికి తెగబడ్డ సైనికుడు. అలాంటివాడి మీద చెయ్యి వాడాను, శిష్యులకి వద్దని చెప్పిన పని నేనే చేశాను అని రాసుకున్నారు. పడుచుతనంలో మంజూలు వదులుకున్న రాత్రినీ, ఈ గొడుగు రాత్రినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆయన తనని తాను ఎంత నిక్కచ్చిగా కొలుచుకున్నారో తెలుస్తుంది. నా మటుకు ఆయన గొప్పతనం బెల్టులూ కటాలూ కాదు, ఆ సిగ్గే.

ఆయన పోయాక జరిగింది అంత అందంగా లేదు. అంత్యక్రియలు ఎవరు నడపాలన్న దగ్గరే శిష్యులు రెండు వర్గాలయ్యారు, ఒక వర్గం రాలేదు. ఆయనకి గిట్టని పోటీలు ఆయన పోయిన కొద్ది నెలలకే, 1957 అక్టోబరులో, జాతీయస్థాయిలో మొదలయ్యాయి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కరాటేకి చోటు దొరికింది. పురుషుల కటాలో స్వర్ణం ఒకినావా వాడైన ర్యో కియునాకి వచ్చింది. ఆ దీవికి అదే మొదటి ఒలింపిక్ స్వర్ణం. పోటీలంటే మొహం తిప్పుకున్న పెద్దాయన, కటాకి వచ్చిన ఆ స్వర్ణాన్ని మాత్రం ఓరకంట చూసి ఉండేవారేమో. తరవాతి పారిస్ ఆటల్లో కరాటేని తీసేశారు.

కమకురాలో ఎంగకుజి అనే పాత జెన్ ఆలయం ఉంది. అక్కడ 1968లో ఆయన స్మారకశిల నిలిపారు. కరాటేలో మొదటి దెబ్బ మనది కాకూడదన్న ఆయన నియమాన్ని దాని మీద చెక్కారు. ఏటా ఏప్రిల్ చివర్లో శిష్యపరంపర అక్కడ కలుస్తుంది.

ఒక్క సంగతి గమనించండి. అజాతో గురించి ఇప్పటిదాకా నేను చెప్పిందంతా ఎక్కడిది? అజాతో పుస్తకాలు రాసి వదిలిపోలేదు, శిష్యగణమూ లేదు. ఆ పెరటి చీకటీ, 'మళ్లీ' అన్న మాటా, 'నైవేద్యం ఏం పెట్టావు' అన్న నవ్వూ మనకి దొరికాయంటే ఫునాకోషి ఎనభై దాటిన వయసులో కూర్చుని రాయబట్టే. తన గురించి రాసుకోవలసిన పుస్తకంలో ఎంతో చోటు గురువులకి ఇచ్చారు.

మనకీ గురువులున్నారు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు పేరు మీద శ్రీకాకుళంలో స్టేడియం ఉంది, మంచిదే. కానీ ఊరూరా కర్రసాము నేర్పినవాళ్లు? తాలింఖానాలు నడిపిన ఉస్తాదులు? పీర్ల పండక్కీ దసరాకీ ఊరేగింపు ముందు కర్ర తిప్పి, మర్నాడు పొద్దున్నే కూలికో మగ్గానికో వెళ్లిపోయిన పెద్దలు? ఆ విద్య ఎవరి దగ్గర నేర్చావు తాతా అని అడిగితే, ఫలానా ఊరి ఫలానా ఆయన దగ్గరని చెప్పగలిగిన చివరి తరం ఇప్పుడు డెబ్బయ్యుల్లో, ఎనభయ్యుల్లో ఉంది. వాళ్ల ఫోటో ఏ గోడ మీదా లేదు.

కాబట్టి శ్రోతలకి నా మనవి రెండు ముక్కలు. మీ పిల్లలు కరాటేకి వెళుతుంటే మంజూ కథ చెప్పండి, ఫోటోలో తాత ఎవరో వాళ్లకి తెలియనివ్వండి. మీ ఊళ్లో సాము నేర్పిన పెద్దాయన ఎవరైనా ఇంకా ఉంటే, ఈ ఆదివారం ఒక నోటుపుస్తకం పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లండి. ఆయన పేరూ, ఆయన గురువు పేరూ, ఆ గురువుగారి ఊరి పేరూ అడిగి రాసుకోండి. రాసింది ఆకాశవాణికి పంపితే మరీ సంతోషం.